ముఖాముఖి ప్రక్రియ: అతిథి ఎంపిక, సన్నద్ధత – కొన్ని ప్రశ్నలు

1

కథానిక మీద, నవల మీద, వచన కవిత్వం మీద మన విమర్శ చాలానే రాసింది. ఆత్మకథల మీద, లేఖల మీద కూడా కొంత రాసింది. కాని ముఖాముఖిని ఒక ప్రక్రియగా గుర్తించి, దాని వస్తువేమిటి, శిల్పమేమిటి అని పరిశీలించిన వ్యాసాలు బహు తక్కువ. ఇంటర్వ్యూ అంటే పత్రికలో మిగిలిన జాగా నింపే సరుకనో, పెద్ద రచయితకు షష్టిపూర్తి నాడు కప్పే శాలువా వంటిదనో భావించటం మనకు అలవాటయింది. ఈ అలవాటును ఇక వదులుకోక తప్పదు. పాడ్‌కాస్ట్ పేరుతో ఇద్దరు మనుషులు గంటా రెండు గంటలు మాట్లాడుకునే సంభాషణలు ఇవాళ ఇంటింటా వినిపిస్తున్నాయి. బస్సులో కూర్చున్న ఉద్యోగి వింటున్నాడు, వంట చేసుకుంటూ గృహిణి వింటున్నది. సాహిత్య విద్యార్థి రచయిత పుస్తకం చదవటానికి ముందే ఆ రచయిత మాట వింటున్నాడు. ఇంతమందికి చేరుతున్న మాటను విమర్శ పట్టించుకోకపోతే అది మాటకు కాదు, విమర్శకే నష్టం.

ఈ ప్రక్రియ గురించి నేను చెప్పదలచిన ప్రధాన విషయం ఒక్కటే. ముఖాముఖిలో వస్తువు, శిల్పం రెండూ చాలా భాగం రికార్డింగు మొదలు కాకముందే నిర్ణయమైపోతాయి. ఎవరిని పిలిచాం, ఎవరిని పిలవలేదు అన్నది దాని వస్తువు. పిలిచిన మనిషిని ఎట్లా సిద్ధం చేశాం, ఆ మనిషిని వినటానికి మనం ఎట్లా సిద్ధమయ్యాం అన్నది దాని శిల్పం. మైకు ముందు జరిగేది ఈ రెండింటి ఫలితం మాత్రమే. కాబట్టి ఒక ముఖాముఖి గుణదోషాలను నిర్ణయించదలచిన విమర్శకుడు ప్రశ్నలు ఎంత పదునుగా ఉన్నాయని అడగటానికి ముందు, ఈ అతిథి ఎట్లా దొరికాడు అని అడగాలి.

2

'వెదకటం' అనే పనికి మన దగ్గర ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. 354 మంది కవులు అందులో కనిపించారు. లేరన్న చోట అంతమంది ఎట్లా వచ్చారు? వాళ్ళు అంతకు ముందూ ఉన్నారు. పత్రిక ద్వారా పిలుపునిచ్చి ఊరూరి నుంచి రాబట్టిన మనిషి అప్పటిదాకా లేడు. 'లేరు' అనే మాటకు చాలా సందర్భాల్లో 'మేం వెదకలేదు' అన్నదే అర్థం.

అయితే ఈ ఉదాహరణను భక్తితో తలచుకుని ఊరుకుంటే సరిపోదు. పత్రిక చదివేవాళ్ళకు, పద్యం రాసి టపాలో పంపగలిగిన వాళ్ళకు మాత్రమే ఆ పిలుపు అందుతుంది. నాట్లు వేస్తూ పాట కట్టిన ఆడమనిషికి, డప్పు మీద కథ చెప్పిన మాదిగ కళాకారుడికి ఆ తోవన అది అందదు. ఇది ప్రతాపరెడ్డి లోపమని అనటం చరిత్ర తెలియని మాట. ఆయన కాలానికి, ఆయన ఎదుర్కొన్న వాదానికి అది సరైన సమాధానమే. మనం గ్రహించవలసిన సూత్రం వేరు: వెదికే పద్ధతే దొరికే మనుషులను నిర్ణయిస్తుంది. ఉత్తరంతో వెదికితే రాసేవాళ్ళు దొరుకుతారు. సెల్‌ఫోనులో అనుచరుల సంఖ్య చూసి వెదికితే అప్పటికే పేరున్న వాళ్ళు దొరుకుతారు.

నేటి పాడ్‌కాస్టులలో అధిక భాగం ఈ రెండో పద్ధతినే నమ్ముకున్నాయి. సినిమా విడుదలకు ముందు నటుడు వస్తాడు. ఎన్నికల ముందు నాయకుడు వస్తాడు. కోచింగ్ సెంటరు యజమాని విజయ రహస్యం చెప్పటానికి వస్తాడు. పిలిచేవాడికి ప్రేక్షకులు కావాలి, వచ్చేవాడికి ప్రచారం కావాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవటంలో ప్రశ్న అనేది ఒక మర్యాదగా మాత్రమే మిగులుతుంది. ఒక చానెల్‌లో చెప్పిన చిన్ననాటి కష్టాన్నే అతిథి మరో నాలుగు చానెళ్ళలో అదే కన్నీటితో చెబుతాడు. ఇది అబద్ధమని నేననటం లేదు. పదిసార్లు చెప్పి నునుపెక్కిన నిజమది. వినేవాడికి అందులో పట్టుకోవటానికి గరుకైన అంచు ఏదీ మిగలదు.

దీనికి భిన్నమైన ప్రయత్నాలు లేకపోలేదు. హర్షణీయం వంటి తెలుగు పాడ్‌కాస్టులు కథలను వినిపిస్తూ, రచయితలతో, అనువాదకులతో ఓపికగా మాట్లాడటం మెచ్చుకోవలసిన పని. కాని ఇక్కడ అభ్యుదయ రచయితలమైన మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. మన సభల్లో, మన పత్రికల్లో, మన వాళ్ళు నడిపే చానెళ్ళలో మనం ఎవరిని పిలుస్తున్నాం? కవి కవిని అడుగుతాడు, విమర్శకుడు విమర్శకుణ్ణి అడుగుతాడు. 'మీపై ప్రభావం చూపిన రచయితలెవరు?' అన్న ప్రశ్న ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూనే ఉంటుంది. శ్రామికుల పక్షాన రాస్తామని ప్రకటించుకున్న వాళ్ళ ముఖాముఖిలలో శ్రామికులు ఎంత అరుదో లెక్క వేసుకుంటే మనకే సిగ్గు వేస్తుంది.

3

నేను ఉండే ప్రాంతాన్నే తీసుకుందాం. తాండూరు బండ పరుచుకోని ఊరు తెలంగాణలో అరుదు. మన ఇంటి నేల, బడి వరండా, బస్టాండు అరుగు అన్నీ ఆ రాయే. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ రెండింటి గురించీ పత్రికల్లో, తెరల మీద మాట్లాడినదెవరు? అధికారులు, వ్యవసాయ శాస్త్రవేత్తలు, వ్యాపారులు. వాళ్ళు మాట్లాడటం తప్పు కాదు. కాని గనిలో బండను పొరలు పొరలుగా లేపిన మనిషి, పాలిషింగ్ యూనిట్‌లో ఆ దుమ్ము పీల్చిన మనిషి, కంది చేనులో పురుగును చేత్తో దులిపిన ఆడమనిషి అతిథి కుర్చీలోకి రాలేదు. వాళ్ళకు చెప్పేదేమీ లేక రాలేదా? మనం వాళ్ళ వాకిట్లోకి పోలేదా?

అమెరికాలో స్టడ్స్ టెర్కెల్ అనే రేడియో మనిషి 1974లో 'వర్కింగ్' అనే పుస్తకం ప్రచురించాడు. పనిచేసే మనుషులు తమ పని గురించి తామే చెప్పిన మాటల సంపుటి అది. దాని తొలి పేజీలలోనే ఒక రాతికట్టు మేస్త్రీ మాట్లాడతాడు. అంత పెద్ద పుస్తకంలో ఆయన చేసిన అసలు సృజన అతిథుల ఎంపికలో ఉంది. రాతి పని చేసే మనిషి రాయి గురించి మాట్లాడితే అది సాహిత్యమే అన్న నమ్మకం అందులో ఉంది. రాయి మీదే బతికే తాండూరుకు అటువంటి పుస్తకం ఇంకా రావలసే ఉంది.

అటువంటి అతిథులను వెదకటం ఎట్లా? 'ఊళ్ళో బాగా మాట్లాడేవాళ్ళు ఎవరు?' అని పెద్దమనిషిని అడిగితే ఆయన తనకు ఇబ్బంది కలిగించని మనిషిని చూపిస్తాడు. మధ్యవర్తి చూపించే మనిషిలో మధ్యవర్తి ఇష్టం సగం ఉంటుంది. అందుకే ఒక్క తలుపు తట్టి ఊరుకోకూడదు. యూనియన్ నాయకుణ్ణి అడిగినట్టే ఆశా కార్యకర్తను అడగాలి, కిరాణా కొట్టు మనిషిని అడగాలి, బడి పిల్లలను అడగాలి. ఒక మనిషితో మాట్లాడటం అయిపోయాక 'ఇంకెవరిని అడగమంటవు?' అని అడిగే పద్ధతి మంచిదే. కాని ఆ గొలుసు తరచుగా ఒకే వాడలో, ఒకే కులంలో తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. అప్పుడు పనిగట్టుకుని వాడ దాటి కొత్త గొలుసు మొదలు పెట్టాలి. బాగా మాట్లాడేవాళ్ళే మంచి అతిథులన్న భ్రమను కూడా విడిచిపెట్టాలి. తడబడుతూ చెప్పిన మనిషి దగ్గరే ఇంతవరకు ఎవరూ వినని సంగతి ఉండవచ్చు.

4

మన భాషలో ఈ పనిని అత్యున్నత స్థాయిలో చేసి చూపించిన పుస్తకం 'మనకు తెలియని మన చరిత్ర'. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986లో దానిని ప్రచురించింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెదుక్కుంటూ వెళ్ళి, వాళ్ళ మాటలను టేపు మీద రికార్డు చేసి అచ్చువేశారు. 1989లో అది ఇంగ్లీషులోనూ వచ్చింది. ఆ పోరాటం మీద నాయకులు రాసిన గ్రంథాలు అంతకు ముందే ఉన్నాయి. వాటిలో స్త్రీల త్యాగాల ప్రస్తావన కూడా ఉంది. లేనిది స్త్రీల గొంతు.

ఆ పుస్తకంలో మాట్లాడిన వాళ్ళలో చిట్యాల ఐలమ్మ ఉన్నారు. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను తాను దక్కించుకున్న మనిషి ఆమె. 1985 సెప్టెంబరు 10న ఆమె మరణించారు. పుస్తకం మరుసటి సంవత్సరం వచ్చింది. వెళ్ళినవాళ్ళు మరి కొంత కాలం ఆగి వెళ్ళి ఉంటే ఐలమ్మ మీద మనకు పాటలు ఉండేవి, విగ్రహాలు ఉండేవి, ఆ పుస్తకంలోని ఆమె మాట మాత్రం ఉండేది కాదు. అతిథిని వెదకటంలో ఆలస్యం అనేది కేవలం సోమరితనం కాదు. అది చరిత్రకు జరిగే నష్టం.

ఆ సంపాదకులు చేసిన మరో మంచి పని ఉంది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలంటే తుపాకీ పట్టిన వీరవనితలు మాత్రమేనన్న అచ్చు ఒకటి అప్పటికే తయారై ఉంది. ఆ అచ్చులో ఒదిగే మాటలే ఏరుకుని ఉంటే మరో స్తోత్రపాఠం తయారయ్యేది. వాళ్ళు అట్లా చేయలేదు. అడవిలో దళంతో ఉండగా కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ బాధ అందులో ఉంది. పోరాట విరమణ తరువాత ఇక ఇళ్ళకు వెళ్ళి సంసారాలు చూసుకోమన్నప్పుడు స్త్రీలకు కలిగిన దిక్కుతోచనితనం ఉంది. ఈ మాటలు ఉద్యమ నాయకత్వానికి చెవికి ఇంపుగా ఉండవు. అయినా అచ్చయ్యాయి. అతిథి నోట తన సిద్ధాంతాన్ని వినాలని వెళ్ళిన వాడికి ఇటువంటి మాటలు వినిపించవు, వినిపించినా టేపులోంచి తీసేస్తాడు. పాలకవర్గాల చానెళ్ళు అతిథి చేత తమ మాట పలికిస్తాయని మనం సరిగ్గానే విమర్శిస్తాం. నినాదం కోసం అతిథిని వెదికే అభ్యుదయవాది చేసేదీ అదే పని.

ఆ పుస్తకంలో మాట్లాడిన ఇద్దరిని తరువాతి కాలంలో కూడా చూడండి. కొండపల్లి కోటేశ్వరమ్మ తొంభై ఏళ్ళు దాటిన వయసులో 2012లో 'నిర్జన వారధి' రాశారు. మల్లు స్వరాజ్యం చెప్పగా కాత్యాయని, విమల అక్షరబద్ధం చేసిన 'నా మాటే తుపాకీ తూటా' 2019లో వచ్చింది. ఒకే మనిషి మూడు దశాబ్దాల తేడాతో రెండుసార్లు తన బతుకు చెప్పినప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవటం సాహిత్య విద్యార్థికి మంచి పాఠం. ఏది పెరిగింది, ఏది తగ్గింది, ఏ పేరు మాయమయింది, అడిగినవాళ్ళు ఎవరు, అప్పటి రాజకీయ వాతావరణమేమిటి – ఇవన్నీ విమర్శకు వస్తువులే. అతిథి మాట ఒక్కసారి టేపు మీద పడితే శాశ్వత సత్యమైపోదు. అది ఒక కాలంలో, ఒక మనిషితో చెప్పిన మాట.

5

రెండో ఉదాహరణ మా జిల్లాకే చెందిన రచయిత్రిది. గోగు శ్యామల తాండూరు దగ్గరి పెద్దేముల్‌లో పుట్టారు. ఆమె కథలు చదివినవాళ్ళకు మాదిగ వాడ పలుకుబడి ఆమె వాక్యంలో ఎట్లా నడుస్తుందో తెలుసు. ఆమె 2011లో 'నేనే బలాన్ని' పేరుతో టి.ఎన్. సదాలక్ష్మి బతుకు కథ వెలువరించారు. పారిశుధ్య పని చేసే మెహతర్ కులంలో పుట్టి, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసి, 1969 తెలంగాణ ఉద్యమంలోనూ, తరువాత మాదిగ దండోరాలోనూ నిలబడిన మనిషి సదాలక్ష్మి. 2004లో ఆమె మరణించారు.

సదాలక్ష్మి అజ్ఞాత వ్యక్తి కారు. మంత్రిగా పనిచేసిన మనిషి. కాబట్టి అతిథిగా ఆమె 'దొరకకపోవటం' అనే ప్రశ్నే లేదు. అయినా ఆమె బతుకు పూర్తి పుస్తకం కావటానికి ఇంత కాలం పట్టింది. దీన్నిబట్టి తెలిసేదేమంటే, మరుగున ఉన్న మనుషులు మారుమూల పల్లెల్లోనే ఉండరు. శాసనసభ ఫోటోలో ముందు వరుసలో కూర్చున్న మనిషి కూడా మరుగున ఉండవచ్చు. ఆమెకు మైకు దొరికింది కాని, ఆమె బతుకును బతుకుగా అడిగిన మనిషి దొరకలేదు.

ఇక్కడ సన్నద్ధత అంటే ప్రశ్నల పట్టిక తయారు చేసుకోవటం కాదు. అడిగే మనిషికి చెప్పే మనిషి లోకం తెలిసి ఉండటం. కులం పేరు చెప్పి అద్దెకు ఇల్లు అడిగితే ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ ప్రశ్న ఒక తీరుగా అడుగుతుంది. తెలియని మనిషి 'మీరు వివక్ష ఎదుర్కొన్నారా?' అని అడుగుతాడు. దానికి 'అవును' అనటం తప్ప అతిథి చేయగలిగిందేముంది? అయితే ఒక కులం వాళ్ళే ఆ కులం వాళ్ళను అడగాలన్న నియమం నేను చేయబోవటం లేదు. బయటివాడు అడగవచ్చు. కాని బయటివాడికి పని ఎక్కువ. చదువు, తిరుగుడు, నోరు మూసుకుని కూర్చోవటం – ఈ మూడూ అతడు ముందుగా పూర్తి చేసుకుని రావాలి.

6

ఇక అతిథిని సిద్ధం చేయటం గురించి. దీని మీద రెండు తప్పుడు అభిప్రాయాలున్నాయి. మొదటిది: ముందుగా ఏమీ చెప్పకూడదు, చెబితే సహజత్వం పోతుంది అన్నది. రెండవది: ప్రశ్నలూ జవాబులూ ముందే కూర్చుకుంటే సాఫీగా సాగుతుంది అన్నది. మొదటి పద్ధతిలో అతిథి వలలో పడ్డ పక్షి అవుతాడు. రెండవ పద్ధతిలో బట్టీ పట్టిన చిలుక అవుతాడు.

సరైన పద్ధతి ఈ రెండింటి మధ్య ఉన్న రాజీ కాదు. అది వేరే తర్కం మీద నిలబడుతుంది. అతిథికి ముందుగా చెప్పవలసినవి జవాబులు కావు, పరిస్థితులు. మాట్లాడేది ఎంతసేపు, ఏ విషయాల మీద, దీన్ని వినేదెవరు, ఇది ఎక్కడెక్కడ తిరుగుతుంది, జవాబు చెప్పటం ఇష్టం లేని ప్రశ్నను ఎట్లా తోసిపుచ్చవచ్చు, తరువాత ఏదైనా తీసేయమంటే తీస్తారా లేదా – ఇవి చెప్పాలి. అసలు కథను మాత్రం ముందే చెప్పించుకోకూడదు. ఫోనులో ఒకసారి పూర్తిగా చెప్పిన సంగతిని మైకు ముందు రెండోసారి చెప్పేటప్పుడు మనిషి సంక్షిప్తం చేస్తాడు. 'ఇందాక చెప్పిన గదా' అన్న మాట దొర్లిందంటే ఆ రోజు రికార్డింగు సగం చెడినట్టే.

ప్రశ్న ఏ భాషలో అడుగుతున్నామన్నది కూడా సన్నద్ధతలో భాగమే. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలను ఇంట్లో పెద్దవాళ్ళ బతుకు గురించి ఫోనులో రికార్డు చేసుకుని రమ్మన్నాను. ఒక అబ్బాయి బండల గనిలో పనిచేసిన తన అవ్వను 'మీ జీవితంలో మరపురాని సంఘటన ఏమిటి?' అని పాఠ్యపుస్తకం భాషలో అడిగాడు. 'ఏముంటది బిడ్డా, అన్నీ గట్లనే గడిసినయ్' అని ఆమె ఊరుకుంది. మరో అమ్మాయి తన అవ్వను 'పొద్దుగాల గనికి పోయేటప్పుడు సద్దిల ఏం గట్టుకపోతుంటివవ్వా?' అని అడిగింది. ఆ అవ్వ జొన్నరొట్టెతో మొదలు పెట్టి, కూలి లెక్కలు, మేస్త్రీ తిట్లు, బండ జారి కాలు విరిగిన తోటి కూలిమనిషి సంగతి దాకా చెప్పుకుంటూ పోయింది. చెప్పుకోదగిన బతుకు ఇద్దరికీ ఉంది. ఒక ప్రశ్న సారాంశం అడిగింది, మరొకటి సద్దిమూట అడిగింది. మనిషి జ్ఞాపకం సారాంశాల రూపంలో ఉండదు.

మా ప్రాంతంలో తెలుగు కన్నడంతో, ఉర్దూతో కలిసి నడుస్తుంది. మైకు చూడగానే ఇక్కడి మనిషి తన భాషను సరిదిద్దుకోవటం మొదలు పెడతాడు. టీవీలో విన్న తెలుగు మాట్లాడటానికి ప్రయత్నిస్తాడు. ఆ ప్రయత్నంలోనే అతడి శక్తి అంతా ఖర్చయిపోతుంది. కాబట్టి అడిగేవాడు తానే ముందు ఆ యాసలోకి దిగాలి. దిగలేనివాడు కనీసం 'మీరు ఇంట్ల మాట్లాడినట్టే మాట్లాడండి' అని చెప్పి, తరువాత ఆ యాసను కత్తిరించకుండా ఉండాలి.

ఇక్కడే వర్గ ప్రశ్న సూటిగా ఎదురవుతుంది. 'పారిస్ రివ్యూ' పత్రిక 1953లో తన మొదటి సంచికలో ఇ.ఎం. ఫార్‌స్టర్‌తో ముఖాముఖి ప్రచురించింది. రచయితల ముఖాముఖిలకు ఆ పత్రిక ప్రపంచ ప్రసిద్ధి పొందింది. రాసిన ప్రతిని ముందుగా రచయితకు చూపించి, ఆయన దిద్దుకున్న తరువాతే అచ్చు వేయటం వాళ్ళ పద్ధతి. దానివల్ల మాట చిక్కబడుతుంది, రచయిత గౌరవమూ నిలుస్తుంది. మంచిదే. మరి ఈ దిద్దుకునే హక్కు గని కూలీకి ఎవరిచ్చారు? ప్రొఫెసరుకు ప్రతి పంపించి నెల రోజులు ఎదురు చూసే సంపాదకుడు, కూలిమనిషి మాటను ఆ రోజు రాత్రికే ఎక్కించేస్తాడు. చదువు రాని మనిషికి ప్రతి పంపించి లాభం లేదంటారా? వినిపించండి. రికార్డు చేసిన పరికరమే వినిపించటానికీ పనికి వస్తుంది.

కూలి సంగతి కూడా చెప్పాలి. ప్రొఫెసరు గంటసేపు మాట్లాడితే ఆయన జీతం తగ్గదు. కూలిమనిషి మాట్లాడటానికి కూర్చుంటే ఆ పూట కూలి పోతుంది. కూలి ఇస్తే మాటను కొన్నట్టవుతుందని వాదించే నీతిమంతులున్నారు. మాటను కొనవద్దు. పోయిన కూలిని పూడ్చండి. అది వీలు కాకపోతే ఆమెకు తీరిక ఉన్న వేళ మీరే వెళ్ళండి. స్టూడియో చల్లదనం మన సౌకర్యం. ఆమెకు తన ఇంటి అరుగే సౌకర్యం. వెనక మేక అరిచినా, పొయ్యి ఊదుతూ మాట్లాడినా వినేవాడికి నష్టమేమీ లేదు.

7

సన్నద్ధత అనేది కొన్ని సందర్భాల్లో ప్రాణంతో, స్వేచ్ఛతో ముడిపడిన విషయం. మా వికారాబాద్ జిల్లాలోనే 2024 నవంబరు 11న దుద్యాల మండలం లగచర్లలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఔషధ పరిశ్రమల కోసం తలపెట్టిన భూసేకరణ మీద అభిప్రాయ సేకరణకు వెళ్ళిన కలెక్టరు మీద, అధికారుల మీద దాడి జరిగింది. ఆ వెంటనే రైతులు పెద్ద సంఖ్యలో అరెస్టయ్యారు. తండాల మహిళలు ఢిల్లీ దాకా వెళ్ళి జాతీయ కమిషన్ల ముందు తమ గోడు చెప్పుకున్నారు. ఆ నెలాఖరులో ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను ఉపసంహరించుకుంది.

ఇటువంటి సమయాల్లో మైకు పట్టుకుని వచ్చేవాళ్ళకు కొదవ ఉండదు. ఏడుస్తున్న ఆడమనిషి ముఖం ముందు మైకు పెట్టి 'మీకు ఎలా అనిపిస్తోంది?' అని అడగటం ముఖాముఖి కాదు. మగవాళ్ళు జైల్లో ఉండగా, కేసులు నడుస్తుండగా ఆమె అన్న ఒక్క మాట రేపు పోలీసు కాగితాల్లోకి చేరవచ్చు. ఈ సంగతి ఆమెకు ముందుగా చెప్పటం అతిథిని సిద్ధం చేయటంలో మొదటి మెట్టు. పేరు వేయాలా వద్దా, ముఖం చూపాలా వద్దా, ఇప్పుడు ప్రసారం చేయాలా, కేసు తేలాక చేయాలా అన్నవి ఆమె నిర్ణయించవలసిన విషయాలు. పైగా లంబాడీ స్త్రీకి తెలుగు రెండో భాష. ఆమె తన గోర్‌బోలీలో చెప్పుకుంటే వచ్చే మాట వేరు, వచ్చీరాని తెలుగులో కూడబలుక్కుంటే వచ్చే మాట వేరు. నమ్మకమైన అనువాదకురాలిని వెంట తీసుకుని వెళ్ళటానికి ఒక రోజు ఆలస్యమైనా మునిగిపోయేదేమీ లేదు. వార్తకు తొందర ఉంటుంది. ముఖాముఖికి ఆ తొందర అక్కర లేదు.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఇన్ని జాగ్రత్తలు పాటిస్తే వేడి చల్లారిపోతుంది, ప్రజల ఆగ్రహం ప్రజలకు చేరదు అని. ఆగ్రహం చేరటం అవసరమే. అయితే మాట్లాడి వెళ్ళిపోయేది మనం, ఆ ఊళ్ళో ఉండవలసింది ఆమె. ప్రజల పక్షం అంటే ప్రజల మాటను వాడుకోవటం కాదని గుర్తుంచుకుంటే ఈ అభ్యంతరం నిలవదు.

8

చివరిగా మా పొరుగు జిల్లా అనుభవం ఒకటి చెప్పాలి. జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు సంఘం రేడియోను నెలకొల్పారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు రేడియో కేంద్రాలు పెట్టుకునే వీలు 2006 నాటి విధానంతో గాని రాలేదు. అంతవరకు ఆ స్త్రీలు ఊరుకోలేదు. రికార్డు చేసిన క్యాసెట్లను సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలయింది. 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన పి.బి. సావంత్ దానిని ప్రారంభించారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత యువతులు దానిని నడిపారు.

అతిథిని వెదకటం అనే సమస్య అక్కడ దాదాపు మాయమవుతుంది. అడిగే మనిషి, చెప్పే మనిషి, వినే మనిషి ఒకే చేనులో పనిచేసే వాళ్ళు. విత్తనం గురించి, చిరుధాన్యాల గురించి, బతుకమ్మ పాట గురించి అడిగేటప్పుడు పరిచయ వాక్యాలు అవసరం లేదు. ఇవాళ అతిథిగా కూర్చున్న మనిషి రేపు మైకు ఇటు పక్కకు రావచ్చు. మంచి ముఖాముఖికి నేను పెట్టే చివరి గీటురాయి ఇదే: అతిథి రేపు తానే ప్రశ్న అడిగే స్థానంలోకి రాగల వీలును ఈ సంభాషణ కల్పించిందా, లేక ఆమెను శాశ్వతంగా జవాబు చెప్పే మనిషిగానే నిలిపిందా?

అన్ని వేదికలూ సంఘం రేడియో కాలేవు. ఆ పని మన వల్ల వెంటనే కాకపోవచ్చు కూడా. కాని మన పత్రికల్లో, మన చానెళ్ళలో ప్రచురించే ప్రతి ముఖాముఖికీ ముందు నాలుగు వాక్యాలు చేర్చటం ఇవాళే సాధ్యం. ఈ అతిథి మాకు ఎట్లా పరిచయమయ్యారు, ఏ భాషలో మాట్లాడారు, ముందుగా ఏం చెప్పాం, అచ్చుకు ముందు వారు విన్నారా లేదా అన్న నాలుగు వాక్యాలు. అవి రాయటానికి జంకే పరిస్థితి ఉంటే ఆ ముఖాముఖిని ఆపటమే మంచిది. సాహిత్య విద్యార్థులు కూడా పరిశోధనా వ్యాసాల చివర రచయితల ఇంటర్వ్యూలను అనుబంధంగా చేర్చి వదిలేయకుండా, ఆ ఇంటర్వ్యూనే పరిశోధనా వస్తువుగా తీసుకోవాలి. గనుల్లో, తండాల్లో, కంది చేలలో మాట్లాడవలసిన మనుషులున్నారు. వాళ్ళలో వయసు పైబడినవాళ్ళు చాలామంది. ఈ వేసవి సెలవులు వాళ్ళ కోసం వినియోగించుకోవలసిందిగా రచయిత మిత్రులను, విద్యార్థులను కోరుతున్నాను.